నందివర్ధనం మీద చిమ్మట

పోయిన వానాకాలం ఒక పొద్దున, ఫిలింనగర్‌లో మా మగ్గం వర్క్ షాపు ముందున్న నందివర్ధనం మీద సీతాకోకచిలుకలా రెక్కలు పరుచుకున్న ఇంత పెద్ద చిమ్మట కనిపించింది. ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ, ఎక్కడో గులాబీ. అబ్బ, ఏం రంగులో! నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రం నాలుగింటికల్లా కాస్ట్యూమ్ డిజైనర్‌కి శాంపిల్ చూపించాలి. ఆకుపచ్చే కావాలి, కానీ ఎవరూ చూడనిది కావాలంది ఆవిడ. నచ్చితే సినిమా పాటలో డాన్సర్ల జాకెట్లన్నీ మావే. నచ్చకపోతే మగ్గం ఖాళీ. రహమత్ నగర్ నుంచి వచ్చే మా ముసలి మాస్టర్ ఇంకో షాపు వెతుక్కోవాలి.

నా దగ్గర బంగారు పురుగు ఒకటుంది. చిన్నప్పుడు తుమ్మాకులేసి అగ్గిపెట్టెలో పెంచుకున్నది. అది చచ్చి ఇన్నేళ్లయినా మెరుపు పోలేదు. ఆ ధైర్యంతోనే చిమ్మటనీ పట్టి స్వీటు డబ్బాలో పెట్టేశాను.

"ఇడిసిపెట్టుండ్రి అమ్మా. గది నాజూకుది, ఆగమైతది" అన్నాడు మాస్టర్.

"మీ పని మీరు చూసుకోండి మాస్టారూ" అని కసిరాను.

మా పనిలో ఫొటో చూపించి దారం కొనం. ఫోన్లో రంగు ఒకటి, అసలు రంగు ఒకటి. వస్తువునే మ్యాచింగ్ సెంటర్ బల్ల మీద పెట్టాలి. ఆటోలో యూసుఫ్‌గూడ వెళ్లి రెండూ పెట్టాను. బంగారు పురుగు ఇటు తిప్పితే పచ్చ, అటు తిప్పితే రాగి. ఏ రీలూ కలవలేదు. ఇక డబ్బా మూత తీస్తే, చిమ్మట లోపల కొట్టుకుని కొట్టుకుని, రెక్కల మీది రంగంతా పొడిలా మూతకి అంటుకుంది.

"గులాబీ ఎక్కడుండె మేడమ్?" నేను చెప్పిన రంగులు విని అడిగాడు షాపతను.

నా చేత్తోనే పట్టుకున్నాను, అయినా ఎక్కడుందో చెప్పలేకపోయాను. సిగ్గేసింది.

ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి మాస్టర్ పాత రీళ్లలోంచి దారాలు ఏరి ఒక రెక్క కుట్టేసి ఉంచాడు. మధ్యలో సన్నటి గులాబీ చార.

"ఎలా గుర్తుంది మాస్టారూ?"

"పొద్దుగాల మీరు రాకముందు జరసేపు దాన్నే చూసుకుంట కూసున్న."

డిజైనర్‌కి నచ్చింది. ఆర్డరు మాదే. టీ తెప్పించాను. మాస్టర్ టీ ముట్టలేదు. డబ్బా అడిగి తీసుకుని, చిమ్మటని మెల్లగా నందివర్ధనం ఆకు మీద దించాడు.

"ఎగురుతుందా?" అడిగాను.

ఆయన నా వేళ్లకంటిన పచ్చపొడి చూశాడు. మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు.