స్టిక్కర్ కింది బటన్

మా కంపెనీలో మెషిన్ హ్యాంగ్ అయితే ముందు కారణాన్ని వెతకరు, మనిషిని వెతుకుతారు. ఆ మనిషి జీతం ఎంత తక్కువైతే అంత త్వరగా దొరుకుతాడు. ఆ నెల మా ల్యాబ్ టెక్నీషియన్ దొరికాడు.

మేం తయారుచేసేవి డేటా దాచుకునే పెద్ద సర్వర్లు. తయారీ అంటే పెద్దగా ఏం లేదు. ఎవరో చేసిన ఇనప డబ్బా కొని, అందులో మా ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, మొహం మీద మా కంపెనీ పేరున్న స్టిక్కర్ అంటించి అమ్ముతాం. పెద్ద ఆఫీసు ఊరికి ఆ చివర అద్దాల మేడలో ఉంది. ల్యాబ్ మాత్రం చాంద్రాయణగుట్ట చౌరస్తా దగ్గర, టైర్ల దుకాణం మీద, రెండో అంతస్తులో. అద్దె తక్కువని అక్కడ పెట్టారు, అడిగిన వాళ్లకు మాత్రం ఇంజనీర్ల ఏకాగ్రత కోసమని చెప్తారు. కింద బస్సుల హారన్లు, లోపల సర్వర్ల ఫ్యాన్ల రొద, మధ్యలో మా ఏకాగ్రత. నేనుండేది హుస్సేనీ ఆలంలో కాబట్టి దగ్గరే కదా అని ల్యాబ్‌ను నా నెత్తిన రుద్దారు. నా పని కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా అడుగున ఉండే భాగం. అది ఆగితే పైనున్నవన్నీ ఆగిపోతాయి.

ఆ మెషిన్‌లో అరవై నాలుగు ప్రాసెసర్లు. రెండు మూడు రోజులకోసారి అరవై నాలుగూ కలిసికట్టుగా బిగుసుకుపోయేవి. ఫ్యాన్లు తిరుగుతుండేవి, లైట్లు వెలుగుతుండేవి, కీబోర్డు ఎంత కొట్టినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. తెర మీద తప్పు అని చెప్పే ముక్క ఒక్కటీ కనపడేది కాదు. కరెంటు తీసి పెడితే మళ్లీ శుభ్రంగా నడిచేది. ఎందుకు ఆగిందో చెప్పే ఆధారం కూడా ఆ కరెంటుతో పాటే పోయేది.

మొదటి వారం మా మేధావులు వైద్యం చేశారు. ఒకాయన అనుమానం ఉన్న చోట ఒక ప్రింట్ లైన్ పెట్టాడు, ఏం జరుగుతోందో రాసి చూపించమని. పెట్టగానే నాలుగు రోజులు హ్యాంగ్ లేదు. అంతే, బాదుషాల డబ్బా తెప్పించారు. ప్రింట్ పెడితే ఆ దారి కాస్త నెమ్మదిస్తుందని, ఢీకొనాల్సిన రెండు పనులూ వెంట్రుకవాసిలో తప్పించుకుంటాయని, జబ్బు మాత్రం అలాగే ఉంటుందని బాదుషా తింటున్న ప్రతివాడికీ తెలుసు. అయినా ఆ లైన్‌ను అలాగే ఉంచి, దాని మీద "దీన్ని తీయకండి" అని రాసి మూసేశారు. మా కోడ్‌లో ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి, గుమ్మానికి కట్టిన నిమ్మకాయ మిరపకాయల్లాగా. ఐదో రోజు మెషిన్ ప్రింట్‌తో సహా బిగుసుకుంది.

అప్పుడు మేనేజర్ అది హార్డ్‌వేర్ సమస్య అని తేల్చేశాడు. హార్డ్‌వేర్ ముట్టుకునేది టెక్నీషియన్ ఒక్కడే. యాభై దాటిన మనిషి, ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో సర్కారు ఉద్యోగం చేసి ముందే రిటైర్మెంట్ తీసుకున్నాడు. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులు ల్యాబ్‌కి. నన్ను తమ్మీ అంటాడు, నేను అన్నా అంటాను. ఆయనది ఏడాది కాంట్రాక్టు, ఆ నెలాఖరుకే అయిపోతుంది. మెమరీ కార్డులు సరిగా కూర్చోబెట్టలేదని, అజాగ్రత్తగా ముట్టుకుని పాడుచేశాడని మేనేజర్ వాదం. శుక్రవారం మీటింగుకు స్లైడు కూడా సిద్ధం చేశాడు: "హార్డ్‌వేర్ నిర్వహణ లోపం. బాధ్యులపై చర్య." నాకు ఫోన్ చేసి, దీన్ని ధ్రువీకరించే ఆధారం ఏదైనా చూడమన్నాడు. తీర్పు ముందు, సాక్ష్యం తర్వాత.

నాకు ఒళ్లు మండింది. స్లైడు సంగతి టెక్నీషియన్‌కు నేనే చెప్పాను. ఆయన లొల్లి చేయలేదు, చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు.

"ఈ వయసుల నాకెవడు పని ఇస్తడు తమ్మీ."

ఫికర్ పడొద్దు, శుక్రవారంలోపు పట్టుకుంటానని మాటిచ్చాను. నిజం చెప్పాలంటే, న్యాయం వైపు నిలబడ్డానని నా మీద నాకే కాస్త ముచ్చటేసింది కూడా.

బుధవారం మధ్యాహ్నం మేమిద్దరమే ఉండగా మెషిన్ మళ్లీ ఆగింది. ఆయన సొరుగులోంచి ఒక నోటుబుక్కు తీశాడు. అందులో ప్రతి హ్యాంగూ, అప్పుడు ఆయన చేస్తున్న పనీ రాసి ఉన్నాయి. ఆ నోటుబుక్కును చూసి మేమంతా నవ్వుకునేవాళ్లం, పాలవాడి లెక్కలా ఉందని. నేనూ నవ్వాను. ఆ రోజు మొదటిసారి చదివాను. ప్రతిసారీ ఒకటే: బ్యాకప్ నడుస్తోంది, ఆయన ఒక డిస్కు బయటికి లాగాడు. నడుస్తున్న మెషిన్‌లోంచి డిస్కులు లాగి చూడాలని టెస్టు కాగితంలో రాసుంది కాబట్టి లాగాడు. పెద్ద జీతాల వాళ్లం రెండు వారాలు వెతికింది చవక నోటుబుక్కులో నీలం ఇంకుతో ఉంది.

ఇప్పుడు కావలసింది ఆ అరవై నాలుగు ప్రాసెసర్లు ఎక్కడెక్కడ నిలబడి ఉన్నాయో తెలియడం. దానికోసం కెర్నల్‌లోనే ఒక అలారం ఉంటుంది. ఒకసారి కస్టమర్ ముందు అది గోల చేసి పరువు తీసిందని మేమే దాన్ని ఆపేశాం. ఆ సంగతి ఆయనకు చెప్పి తల పట్టుకున్నాను. ఆయన సన్న రంధ్రంలో ఉండే బటన్ నొక్కితే కాదా అని అడిగాడు. అది నొక్కితే ప్రతి ప్రాసెసర్ ఎంత పనిలో ఉన్నా ఆపి, తానెక్కడుందో చెప్పి తీరాలి. మన డబ్బాకు అలాంటి బటన్ లేదని నా డిగ్రీ మొత్తం గొంతులోకి తెచ్చుకుని చెప్పాను.

"ఉన్నది తమ్మీ. మన స్టిక్కర్ కింద ఉన్నది. అంటించింది నేనే."

స్టిక్కర్ సరిగ్గా మధ్యలోనే రావాలని పెద్ద ఆఫీసు నుంచి కొలతలు వచ్చాయట. అక్కడొక బటన్ ఉంది, స్టిక్కర్‌కు చిన్న చిల్లు పెట్టనా అని ఈయన ఫోన్ చేసి అడిగితే, నీకెందుకు, చెప్పింది చెయ్యి అన్నారట. ఆయన గోటితో మా కంపెనీ పేరును ఒక మూల నుంచి లేపి, జెమ్ క్లిప్పును నిటారుగా విప్పి లోపలికి పొడిచాడు. కేబుల్‌తో కలిపిన నా లాప్‌టాప్ మీద వరదలాగా అక్షరాలు వచ్చిపడ్డాయి.

అరవై రెండు ప్రాసెసర్లు ఊరికే వరసలో నిలబడి ఉన్నాయి. అసలు పంచాయితీ రెండింటి మధ్యే. ఒకే సమాచారాన్ని చాలా ప్రాసెసర్లు వాడుకోవాలంటే, ఒకటి దానికి తాళం వేసుకుని పని చేసుకోవాలి, మిగతావి ఆగాలి. బ్యాకప్ చేస్తున్న ప్రాసెసర్ డిస్కుల జాబితా తాళం తీసుకుని, పనుల వరస తాళం కోసం చూస్తోంది. డిస్కు తీసేసే పని చూస్తున్న ప్రాసెసర్ పనుల వరస తాళం తీసుకుని, జాబితా తాళం కోసం చూస్తోంది. ఇది వదలదు, అది వదలదు.

మాది ఉస్మాన్‌గంజ్ ఎండుమిర్చి వ్యాపారం. బాపు దుకాణం, బాబాయి దుకాణం పక్కపక్కనే, రెండింటికీ కలిపి తూకం వేసే కాంటా ఒకటే, తోపుడు బండి ఒకటే. సరుకు పంపాలంటే రెండూ కావాలి. బాపు కాంటా పట్టుకుని బండి కోసం, బాబాయి బండి పట్టుకుని కాంటా కోసం, ఇద్దరూ మూతులు ముడుచుకుని కూర్చునేవాళ్లు. హమాలీలు బస్తాల మీద కునుకు తీసేవాళ్లు. చివరికి తాత ఒక కట్టుబాటు పెట్టాడు: ఎవరైనా సరే, ముందు కాంటా, అది చేతికొచ్చాకే బండి ముట్టాలి. బండి మాత్రమే పట్టుకుని కూర్చునే హక్కు ఎవరికీ లేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో గొడవలు చాలా జరిగాయి కానీ సరుకు మాత్రం ఆగలేదు. కెర్నల్ రాసేవాళ్ల కట్టుబాటూ ఇదే. తాళాలు ఎన్నున్నా అందరూ ఒకే వరసలో తీసుకోవాలి.

ఈ వరస తప్పిన వెధవ ఎవడో చూద్దామని డిస్కు తీసేసే కోడ్ ఫైలు తెరిచాను. మొదటి లైన్లో రాసినవాడి పేరుంటుంది. నా పేరే ఉంది. నాలుగేళ్ల కిందటిది. మిర్చి బస్తాల మీద కూర్చుని ఆ కట్టుబాటు వింటూ పెరిగినవాణ్ని, ముందు బండి పట్టుకుని కాంటా కోసం చెయ్యి చాపాను.

ఆయన నా వెనకే నిలబడి ఉన్నాడు. నేను గబుక్కున స్క్రీన్ కిందికి లాగి, ఏదో పాత కోడ్ అన్నా అన్నాను. మంచిగైంది తమ్మీ, దొరికింది కదా అని ఆయన స్టిక్కర్ మళ్లీ అంటించడానికి వెళ్లాడు.

రెండు లైన్లు అటుది ఇటు మార్చాను, అంతే మందు. గురువారమంతా బ్యాకప్ నడుస్తుండగా ఆయన డిస్కులు లాగుతూనే ఉన్నాడు. మెషిన్ ఆగలేదు.

శుక్రవారం మేనేజర్ ల్యాబ్‌కే వచ్చాడు, పెద్ద ఆఫీసు వాళ్లు వీడియో కాల్‌లో, గోడ మీది టీవీలో కూర్చున్నారు. నాలుగేళ్ల కిందటి కోడ్‌లో తాళాల వరస తప్పిందని వివరించాను. ఎవరు తప్పారో చెప్పలేదు. వాక్యాన్ని అలా కూర్చడానికి పొద్దుటి నుంచి సాధన చేశాను. మేనేజర్ భేష్ అన్నాడు. ఆపైన, కోడ్ నాలుగేళ్లుగా బాగానే ఉంది కదా, ఈయన ఇష్టమొచ్చినట్టు డిస్కులు పీకబట్టే కదా ఇదంతా అన్నాడు. స్లైడు మారలేదు. బాధ్యులు, చర్య, అన్నీ అక్కడే ఉన్నాయి.

టెక్నీషియన్ తలుపు దగ్గర నిలబడి నా వైపు చూశాడు. బతిమాలే చూపు కాదది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, ఎక్కువసేపే కూర్చున్నాను.

"ఆ కోడ్ రాసింది నేను సార్. డిస్కులు లాగమని టెస్టు కాగితంలో రాసింది కూడా నేనే."

టీవీలో ఒకాయన, ఇలాంటి నిజాయితీ కంపెనీకి కావాలన్నాడు. చప్పట్లు కొట్టారు. మేనేజర్ అక్కడికక్కడే స్లైడు మార్చాడు: "నేర్చుకున్న పాఠాలు." బాధ్యుడు టెక్నీషియనైతే చర్య, నేనైతే పాఠం. నా తప్పుకు నాకు పడిన శిక్ష ఆ చప్పట్లే. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆయన కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తామన్నారు.

అందరూ వెళ్లాక ఆయన నా కేబుల్ చుట్టి ఇస్తూ, మామూలుగా అన్నాడు.

"బుధవారమే చూసిన తమ్మీ, పైన నీ పేరు."

మరి అప్పుడే ఎందుకు అనలేదని అడిగాను.

"నేను ముందుగాల అంటే, నువ్వు గూడ నాది కాదంటవేమో అని భయమైంది."

అలా అనేవాణ్ని కాదని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ నేను స్క్రీన్ కిందికి లాగడం ఆయన చూశాడు. నోరు మూసుకుని కేబుల్ తీసుకున్నాను.