రాని వారపత్రిక చదివిన మధ్యాహ్నం

దెయ్యం అన్న మాట వింటే నాకు ముందు నవ్వొస్తుంది, తర్వాత విసుగొస్తుంది. ముప్పై ఏళ్లకు పైగా బళ్లో లెక్కలు చెప్పినదాన్ని. ఎవరన్నా వచ్చి ఫలానా చోట ఏదో కనపడిందంటే, ఎంత దూరంలో, ఎంత వెలుతురులో, కల్లు తాగినాక ఎంతసేపటికి అని అడిగేదాన్ని. దాంతో నా దగ్గర ఆ కబుర్లు చెప్పడమే మానుకున్నారు జనం. ఇప్పుడు నేనే చెప్పబోతా ఉన్నాను. నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం పోయింది.

అరవైల్లో మాట ఇది. నాకు ఇరవై రెండేళ్లు. ట్రైనింగ్ అయ్యి మా ఊరి బళ్లోనే పనికి చేరినాను. నెల్లూరు నుంచి కృష్ణపట్నం పోయే దారిలో, ఉప్పుటేరుకు దగ్గరగా ఉంటుంది మా ఊరు. ఇంట్లో అమ్మ, అన్న, వదిన, నేను. నాయన అప్పటికే లేడు.

మా వదిన ఒకచోట కూర్చోలేని మనిషి. చేతిలో చీపురో చేటో లేకపోతే ఆమెకు పొద్దు గడవదు. అట్టాంటి మనిషికి రెండు కాన్పులు నెలలు నిండకుండానే పోయినాయి. మూడోసారి కడుపు పండినప్పుడు నెల్లూరులో లేడీ డాక్టరమ్మ గట్టిగా చెప్పేసింది. కాన్పయ్యేదాకా మంచం దిగకూడదు, దిగితే ఈ బిడ్డా దక్కదు, ఆ తర్వాత ఇంక ఆశ పెట్టుకోవద్దు అని.

చెప్పడం తేలికే. రెండో రోజే మా వదిన అమ్మ కన్నుగప్పి పెరట్లో గిన్నెలు తోముతా దొరికింది. అన్న అరిచినాడు. అమ్మ ఏడ్చింది. నాకు ఒక ఉపాయం తోచింది.

అప్పట్లో ఒక వారపత్రికలో దెయ్యాల మేడ గురించిన నవల ఒకటి సీరియల్‌గా వస్తా ఉండేది. నవల పేరు చెప్పను. ఇప్పటికీ అచ్చవుతానే ఉంది, చదివినవాళ్లు పోల్చుకుంటారు. వదినకు చదువు అంతంతమాత్రం, కూడబలుక్కుని చదివేది. "కదలకుండా పడుకుంటేనే చదువుతా. మంచం దిగినావని తెలిసిందా, ఆ వారం కథ లేదు పో" అన్నాను. ఒప్పుకుంది.

శనివారం సాయంత్రం బస్సు కండక్టరు పత్రికను టీ అంగడిలో ఇచ్చి పోయేవాడు. ఆదివారం మధ్యాహ్నం అమ్మ కునుకు తీసేటప్పుడు చదివేవాళ్లం. పత్రికను పురాణం పుస్తకం మధ్యలో పెట్టుకోని మరీ. ఎందుకంటే ఒకసారి అమ్మ విని, "కడుపులో బిడ్డ అన్నీ వింటుంది. వట్టి మనిషి కాని దానికి దెయ్యాల కథలంటే! నీ తెలివి తెల్లారినట్టే ఉందే" అని తిట్టి పోసింది.

అబ్బ, ఏం రాసినాడు ఆ రచయిత! మొత్తం నవల్లో దెయ్యం ఒక్కసారి కూడా కంటపడదు. సముద్రం ఒడ్డున పాత మేడ. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. పైఅంతస్తులో మూసేసిన గది, అందులో అడుగుల చప్పుడు. అంతే. ఆ చప్పుడును ఒక్కో వారం ఒక్కో రకంగా వినిపిస్తాడు. వర్ణన తక్కువ, హడావిడి అసలే లేదు. చదువుతా ఉంటే నాకే మా మిద్దె వైపు చూడాలనిపించేది. లెక్కల దాన్ని నేను, నా మీదే పనిచేసిందంటే చూసుకోండి. చదవడం అయిపోయినాక ఆ పేజీలు చింపి, గోనె సూదితో కుట్టి దాచుకునేదాన్ని.

భయం వెయ్యదా అని వదినను అడిగినాను ఒకసారి.

"నాకుండే భయం ముందర ఇదెంత మే?" అంది. "ఆ కాసేపు ఆ మేడలో పిల్ల భయం నేను పడతా. నా భయం పక్కన పెట్టుకోని పడుకుంటా."

ఏడో నెల వచ్చింది. కార్తీకం. నాలుగు రోజులు విడవకుండా వాన. నెల్లూరు రోడ్డు తెగిపోయింది, బస్సు రాలేదు. ఆదివారం పొద్దున వదినకు నడుము నొప్పి మొదలైంది. మధ్యాహ్నానికి పొత్తికడుపు పట్టేసి వదలతా ఉంది. మంత్రసాని వచ్చి చూసి, అమ్మను పక్కకు పిలిచి చెప్పింది. "ఈ పూట కదలకుండా, దిగులు పడకుండా పడుకుంటే నిలవొచ్చు. లేదంటే నా చేతుల్లో లేదమ్మా." ఆస్పత్రికి పోవడానికి దారే లేదు. అన్న పడవ కోసమని ఉప్పుటేరు వైపు పరిగెత్తినాడు.

వదిన మంచం పట్టె పట్టుకోని అటూ ఇటూ కదలతా ఉంది. "లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది, వదలండి" అంటా ఉంది. పోయినసారీ అట్టాగే లేచిందంట.

"వదినా, పత్రిక వచ్చింది" అన్నాను.

అబద్ధం. కాలవ కట్ట మీద నడిచొచ్చిన మనిషి ఎవరో తెచ్చి ఇచ్చినాడని ఇంకో అబద్ధం ఆడినాను. గూట్లో నుంచి ఒక పాత సంచిక లాక్కోని మంచం పక్కన కూర్చున్నాను. పోయిన వారం ఆ పిల్ల పైగది గొళ్లెం మీద చెయ్యి పెట్టిన చోట ఆగింది కథ. తలుపు వెనక ఏముందో నాకు మాత్రం ఏం తెలుసు? ఉత్తరం రాయాలంటేనే "క్షేమం" తర్వాత ఏం రాయాలో తోచని దాన్ని.

నోరు తెరిచినాను. మాటలు వచ్చినాయి.

తలుపు తీసింది. గది ఖాళీ. కిటికీ దగ్గర ఒక కుర్చీ, గోడవైపు తిరిగి ఉంది. కుర్చీలో సగం కుట్టిన పసిబిడ్డ చొక్కా. సూది దానికే గుచ్చి ఉంది. సూదిలో నీలం దారం. ఇన్నాళ్లూ పైన తిరిగిన అడుగులు ఆ చొక్కా సగంలో ఆగినందుకేనని ఆ పిల్లకు అప్పుడు తెలిసింది. కుర్చీలో కూర్చోని, గోడవైపే చూస్తా, ఆ చొక్కాకు చేతులు కుట్టడం మొదలుపెట్టింది. ఒక్కో కుట్టుకూ మేడలో ఒక్కో చప్పుడు ఆగిపోతా వచ్చింది.

అరగంట పైనే చెప్పినాను. ఎక్కడా తడుముకోలేదు. చివర్లో తలెత్తి చూస్తే వదిన కళ్లు మూసుకోని ఉంది, మంచం పట్టె వదిలేసింది. అమ్మ గడప మీద కూర్చోని ఉంది. ఎంతసేపటి నుంచి వింటా ఉందో ఏమో, ఒక్క మాట తిట్టలేదు. సాయంత్రానికి నొప్పులు సర్దుకున్నాయి. అన్న పడవ దొరకలేదని వచ్చి, వదిన నిద్రపోతా ఉండడం చూసి గుమ్మంలోనే కూలబడినాడు.

ఇంతవరకూ అయితే నేనేదో తెలివిగా గట్టెక్కించినానని చెప్పుకునేదాన్ని.

పది రోజులకు రోడ్డు బాగుచేసినారు. కట్టలో తడిసి అట్టలు కట్టిన పత్రికలు రెండు వారాలవి ఒకేసారి వచ్చినాయి. మద్రాసులో అచ్చయి, వానకు నెల్లూరు బస్టాండులో పడి ఉండినాయంట. అసలు కథ ఏమై ఉంటుందోనని, వదిన నిద్రలో ఉన్నప్పుడు వసారాలో కూర్చోని పైకి చదవబోయినాను. నాకు పైకి చదివితేనే బుర్రకెక్కుతుంది.

తలుపు తీసింది. గది ఖాళీ. కుర్చీ, గోడవైపు తిరిగి ఉంది. అక్కడే ఆగిపోయినాను.

అమ్మ వంటింట్లో నుంచి అందుకుంది. "సూదిలో నీలం దారం ఉంటుంది గదా. ఆ మాటు చదివిందే మళ్లా చదవతా ఉండావేందే?"

అమ్మకు అక్షరం ముక్క రాదు. పత్రికలో కిందికి చూసినాను. నీలం దారం.

ఆ తర్వాత నాకు తోచిన విధాలన్నీ ఆలోచించినాను. అంతకుముందు ఎక్కడైనా చదివినానా అంటే, అది అచ్చు కావడమే మొదటిసారి. రచయిత అంత బాగా రాసినాడు కాబట్టి చదివేవాళ్ల బుద్ధి ఆయన దారినే పోయిందేమో అనుకున్నాను. ఖాళీ గది వరకూ ఆ మాట ఒప్పుకుంటా, ఆయన అంతటివాడే. దారం రంగు? కుట్టి దాచిన పాత సంచికలన్నీ ఒక్కో లైనూ వెతికినాను. చొక్కా లేదు, సూది లేదు, నీలం లేదు. ఇంతకీ నాకు గుండీ కుట్టడం కూడా రాదు.

నెలలు నిండి వదినకు ఆడపిల్ల పుట్టింది. మంచి ఏడుపు, ఊరంతా వినపడింది. మూడో నెలలో ఒకరోజు బిడ్డకు నీళ్లు పోసి తుడుస్తా ఉంటే నాకు దాచుకోవడం చేతకాక చెప్పేసినాను. ఆ వారం పత్రిక రాలేదు వదినా, నేను కల్పించి చెప్పినాను అని.

"తెలుసులే మే" అంది. "అరగంట చదివినావు, ఒక్క పేజీ అన్నా తిప్పినావా?"

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగితే ఆగిపోతావు. నువ్వు ఆగితే నేను లేస్తా, లేస్తే బిడ్డ పోతుంది. సగం కాడ నుంచి ఆ గొంతు కూడా నీది కాదు. ఒళ్లు జల్లుమంది. అయినా ఊరుకున్నా."

ఎవరి గొంతు వదినా అన్నాను.

"నాకేం తెలుసు? ఎవరో ఆడమనిషి. బిడ్డను కన్న గొంతు అనిపించింది" అంటా సాంబ్రాణి పొగ మీదికి బిడ్డను పట్టింది.

వదిన పోయి చాలా ఏళ్లయింది. ఆ మాటలు నాకెట్టా వచ్చినాయో, ఆ గొంతు ఎవరిదో ఇప్పటికీ తెలియదు. పక్కన కూర్చున్న మనిషి నోట్లో నుంచి ఇంకెవరో మాట్లాడతా ఉంటే, బిడ్డ కోసం వేలు కూడా కదపకుండా పడుకోని విన్నది మా వదిన. తలుచుకుంటే ఇప్పుడు కూడా ఏడుపొస్తుంది నాకు.