తీగ విప్పిన జనరేటర్

దయ్యాలను నేను నమ్మను. నమ్మేంత తీరిక కూడా ఎప్పుడూ లేదు. పాతపట్నంలో నా జీవితమంతా బట్టల కొట్టులోనే గడిచింది. గుడ్డ కొలిచేటప్పుడు ఎవరికీ వేలెడు తగ్గించలేదు గానీ, కథ చెప్పేటప్పుడు మాత్రం ఓ గజం ఎక్కువే చింపేవాణ్ని. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. అందుకే ఇది చెబితే ఎవరూ నమ్మడం లేదు.

మా ఆవిడకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకున్నాం. గదిలో గాలి లాక్కుని, అందులోంచి ఆక్సిజన్ వేరు చేసి గొట్టంలోకి పంపుతుంది. అందులో నిల్వ ఏమీ ఉండదు. కరెంటుంటేనే అది. మొన్నటి తుఫానుకి రోజుల తరబడి కరెంటు లేక, ఇన్వర్టర్ ఒక్క పూటకే చేతులెత్తేసింది. ఆవిణ్ని కారులో శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారిలో ఆవిడ పెదాల రంగు చూశాక, ఇంటికి జనరేటర్ కొనాల్సిందే అనుకున్నాను.

మా బావమరిది అప్పలరాజుకి ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టుంది. ఊళ్లోకెల్లా పెద్ద జనరేటర్ పెట్టించి, వీధి వీధంతా నా వెలుగులో బతకాలని నా కోరిక. వాడు సాగనివ్వలేదు.

"ఏటి నడపాలో ముందు సెప్పు బావా. అక్క మిషను, ఫ్రిజ్జు, రెండు ఫేన్లు, లైట్లు. అంతే కదా? పెద్దది కొనీసి ఉత్తినే తిప్పితే ఇంజను మసి పట్టీసి పోతాది."

మోటారున్న ప్రతి సామానూ మొదలయ్యే క్షణంలో మామూలు కంటే చాలా ఎక్కువ లాగుతుందట. ఫ్రిజ్జూ, ఆక్సిజన్ మిషనూ ఒకేసారి అందుకున్నా తట్టుకునేపాటి మిగులుంటే చాలన్నాడు. గంటల తరబడి నడవాలి కాబట్టి డీజిలుది తీసుకున్నాం. పొగ ఆవిడ గదివైపు రాకూడదని పెరటి చివర, కిటికీలకు దూరంగా దిమ్మ కట్టించాడు. పాత ఇన్వర్టర్ ఇక ఎందుకని పట్టుకుపోయాడు.

అది పనిచేసే తీరు కూడా చెప్పాలి. గోడమీద ప్యానెల్ వీధి కరెంటును కనిపెట్టుకుని ఉంటుంది. కరెంటు పోగానే కొన్ని క్షణాలు ఆగి, బ్యాటరీతో ఇంజన్ని తిప్పిస్తుంది. ఇంజను వేగం అందుకున్నాక ఇంటిని వీధి లైను నుంచి విడదీసి జనరేటర్‌కి కలుపుతుంది. కరెంటొస్తే మళ్లీ అటు మార్చి, ఇంజన్ని కాసేపు చల్లబడనిచ్చి ఆపేస్తుంది. తాడు లాగడం, హేండిలు తిప్పడం మా దాంట్లో లేవు. బ్యాటరీ లేకపోతే ప్యానెల్‌కి ప్రాణం లేదు, ఇంజనుకి కదలిక లేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

ఆయుధపూజనాడు మా కొట్టులో కత్తెర, గజం బద్ద పూజలో పెడితే మర్నాడు కదిపేదాకా వాటితో గుడ్డ ముట్టుకోం. ఇప్పుడు కొట్టు ఇచ్చేశాను. ఇంట్లో పనిచేసే సాధనమంటే జనరేటరే. దాన్ని తుడిచి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశాను. అయితే అది తనంతట తాను లేచే రకం కదా. పూజలో ఉండగా లేస్తే అపచారమని, స్పానర్‌తో బ్యాటరీ తీగ విప్పి పక్కకు వంచాను. తీగ కొసకీ, బ్యాటరీ కొనకీ కుంకుమ పెట్టాను. స్పానర్‌ని పూజగదిలో పటాల ముందు పెట్టి పూలు చల్లాను. అవసరానికని ఇంట్లో ఉంచే చిన్న ఆక్సిజన్ సిలిండర్‌ని నింపడానికి పంపాం, పండగ కావడంతో అది ఇంకా తిరిగి రాలేదు. అయినా నేను మెలకువగానే ఉంటాను కదా, కరెంటు పోతే తీగ బిగించడం ఎంతసేపు అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనమయ్యాక వరండాలో మడతమంచం మీద వాలాను. ఆయాసం ఎక్కువైనప్పుడల్లా ఆవిణ్ని కూర్చోబెట్టి వీపు రాయడం నా పని. నెలలుగా నాకు తిన్నగా నిద్ర లేదు. వాలడమే తెలుసు.

మెలకువ వచ్చేసరికి వాన. పెరట్లో జనరేటర్ మోగుతోంది. గదిలో ఆవిడ మిషను నడుస్తోంది. హమ్మయ్య అనుకుని మళ్లీ కళ్లు మూసుకోబోతుంటే తీగ గుర్తొచ్చింది.

గొడుగు కూడా తీసుకోకుండా వెళ్లాను. మూత తెరిస్తే, తీగ నేను వంచినట్టే పక్కకు ఉంది. రెండు బొట్లూ చెరగలేదు. ఇంజను తిరుగుతోంది.

అప్పలరాజుకి కబురు పెట్టాను. నిద్రలో నేనే బిగించి మళ్లీ విప్పేసి ఉంటానన్నాడు. స్పానర్ మీద చల్లిన పూలు చల్లినట్టే ఉన్నాయి, చూపించాను. వాడు తీగ చూశాడు, ప్యానెల్ చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"ఒకపాలి లెగిసాక బ్యాటరీ లేకపోయినా తిరిగితే తిరగొచ్చు బావా. లెగడమే కుదరదు."

వీధి కరెంటొచ్చాక ఇంజను ఆపి, తీగ బిగించకుండానే మీట నొక్కి చూశాం. ఉలుకూ పలుకూ లేదు.

బజార్లో ఈ కథ చెప్పినప్పుడు ట్యాంకులో డీజిలు చుక్క కూడా లేదన్నాను. దండలో పూలు వాటంతటవే ఊగాయన్నాను. పోయిన మా నాన్న దగ్గు వినిపించిందన్నాను. అవన్నీ నేను కుట్టిన అంచులు. విప్పేస్తున్నాను. ట్యాంకు నిండుగానే ఉంది, పూలు గాలికే ఊగాయి, ఎవరూ దగ్గలేదు. తీగ మాత్రం నిజం.

ఆ సాయంత్రం ఆవిణ్ని అడిగాను, కరెంటు పోయినట్టు తెలిసిందా అని. తెలియకేం, మిషను కీచుకీచుమని ఒకటే అరుపంది.

"మరి నన్ను పిలవలేదేటి?"

"పిలిసాను. నువ్వు లెగలేదు."

"గట్టిగా పిలవాల కదే."

ఆవిడ ముక్కు దగ్గర గొట్టం సర్దుకుంది. కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"ఎన్నాళ్లకో నిద్దరట్టింది నీకు. పోన్లే, పడుకోనీ అనుకుని ఊరుకున్నాను. అప్పుడే అది లెగిసింది."



తర్వాత కంపెనీ మెకానిక్ వచ్చి అంతా విప్పి చూశాడు. లోపం ఏమీ లేదన్నాడు. ఆ మధ్యాహ్నం ఆ ఇంజన్ని ఏది తిప్పిందో అతనికీ తెలియలేదు, నాకూ ఈనాటికీ తెలియదు. ఇంకా వెతికే ఓపిక కూడా లేదు. మడతమంచం ఆవిడ గదిలోకి మార్చుకున్నాను. ఇప్పుడు ఆవిడ పిలవకపోయినా లేస్తున్నాను.