పసుపు చీరకి డూప్

కర్టెన్ రింగులు కడ్డీ మీద జరిగే చప్పుడు వింటే ఇప్పటికీ నా చేతిలో పని ఆగిపోతుంది. మొన్న షేక్‌పేటలో కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో అమ్మ పొద్దున్నే తెరలు లాగింది. గోడమీది ఫొటోల మీద ఎండ పడింది. మూసెయ్యమన్నాను. నాకు రాజ్యం మేడం జబ్బు అంటుకుందని అమ్మ నవ్వింది. అంటుకున్న మాట నిజమే. అయితే అనుమానం మాత్రం నా సొంతం. ఎర్రగడ్డ మార్కెట్లో టమాటాలు కూడా అడుగు వరస తిరగేసి చూడందే కొనను.

రాజ్యం మేడం వయసులో ఉన్నప్పుడు ఫిల్మ్‌నగర్‌లో సినిమా దుస్తుల విభాగంలో పనిచేశారు. నేను ఎరిగేనాటికి జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఇంటి కింది అంతస్తులో చిన్న మ్యూజియం చూసుకునేవారు. ఆ కుటుంబం తీసిన సినిమాల దుస్తులు, చేత్తో రంగులు వేసిన పోస్టర్లు అక్కడ ఉండేవి. చదువు అయిపోగానే మోతీనగర్ నుంచి రెండు బస్సులు మారి వెళ్లి ఆవిడ దగ్గర సహాయకురాలిగా చేరాను. మొదటి రోజే పసుపులో ముంచిన గుడ్డముక్క ఒకటి కిటికీ దగ్గర పెట్టి, సగం మీద నల్లకాగితం కప్పి, పది రోజులు ముట్టుకోవద్దన్నారు. పదో రోజు కాగితం తీశారు. కప్పిన సగం పచ్చగా ఉంది, కప్పని సగం పాత పేపరులా వెలిసిపోయింది. "ఎవరినీ నమ్మకు, ముఖ్యంగా ఎండని" అన్నారు. గాలి మీద కూడా ఆవిడకి అంతే అపనమ్మకం. గాలిలోని ఆక్సిజన్ గుడ్డని లోలోపల తినేస్తుందనేవారు. అందుకే విలువైన వాటిని గాలి చొరని సంచుల్లో పెట్టి, ఆక్సిజన్‌ని పీల్చేసే చిన్న పొట్లాలు వేసి, అంచులు వేడితో అతికించేవారు. లోపల ఒక బిళ్ల ఉండేది. అది గులాబీ రంగులో ఉన్నంతకాలం భయం లేదు, నీలంగా మారితే గాలి చొరబడ్డట్టు.

ఆ మ్యూజియానికి అందరూ వచ్చేది ఒక పసుపు చీర కోసం. ఆ నిర్మాత మొదటి సినిమాలో కథానాయిక కట్టింది. నిజం పసుపుతో దానికి అద్దకం వేసింది అప్పట్లో పాతికేళ్ల రాజ్యం మేడమే. ఒకరోజు రిజిస్టరు సరిచూస్తుంటే, హారతి సన్నివేశంలో నిప్పురవ్వ పడి ఆ చీర కొంగు అంచున చిల్లు పడిందని రాసి ఉంది. అద్దాల పెట్టె దగ్గరికి వెళ్లి చూశాను. కొంగంతా వెతికాను. చిల్లు లేదు. చిల్లు తనంతట తాను పూడుకోదు కదా.

అంతటితో మేడం చేసే ప్రతి పనీ నాకు వంకరగా కనిపించడం మొదలైంది. సొరుగులకి ఎప్పుడూ తాళం ఎందుకు? నేను గదిలోకి రాగానే రాస్తున్న పుస్తకం మూయడం దేనికి? వాచ్‌మన్ యాదయ్య నా అనుమానానికి ఆజ్యం పోశాడు. "ఏమో బిడ్డా, రోజూ గా నల్ల సంచి పట్టుకొని పోతది. అండ్ల ఏముంటదో ఎవలకెరుక" అన్నాడు. అడగాల్సింది మేడంని. నేను వెళ్లి, పెట్టెలో ఉన్నది అసలు చీర కాదని నిర్మాత కొడుకు చిన్నసార్‌కి చెప్పాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, మేడమీద నుంచి దిగి వస్తుంటే నాకు గర్వంగా కూడా అనిపించింది.

మర్నాడు చిన్నసార్ కిందికి వచ్చి, ఒరిజినల్ ఎక్కడని అడిగారు. మేడం సొరుగు తీసి అతికించిన సంచి ఒకటి బల్లమీద పెట్టారు. ఆయన కత్తెర అందుకున్నారు. వద్దని మేడం చెయ్యి అడ్డుపెట్టేలోపే సంచి తెగింది. లోపల చీర, కొంగు అంచున చిల్లు. చూస్తుండగానే బిళ్ల నీలంగా మారింది.

"దూకాల్సి వస్తే హీరోని దూకనిస్తామా బాబూ, డూప్‌ని పెడతాం. ఇదీ అంతేనండీ. పెట్టె మీది లైట్ల దెబ్బలు డూప్ చీర తింటుంది" అన్నారు మేడం. నల్ల సంచిలో ఉండేవి ఆ డూప్‌కి సరైన రంగు కుదరడానికి ఆవిడ ఇంట్లో అద్దకం వేసి చూసుకునే గుడ్డముక్కలు. చిన్నసార్ వినలేదు. నాన్నగారి పేరు చెప్పి జనానికి నకలు చూపిస్తామా అన్నారు. ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు. ఒరిజినల్‌నే లైటు కింద పెట్టించి, మేడంని రేపటి నుంచి రెస్ట్ తీసుకోమన్నారు. ఆవిడ తాళాలు బల్లమీద పెట్టి వెళ్లిపోయారు. నా వంక చూడను కూడా చూడలేదు.

రెండు ఎండాకాలాలు గడిచాయి. లోపలికి ఎండ రాకపోయినా, పెట్టె మీది లైట్లు చాలు. చీర గంజి నీళ్ల రంగుకి దిగిపోయింది. ఉద్యోగం పోతుందన్న భయంతో రోజూ చూస్తూ ఊరుకున్నాను. చివరికి ఆగలేక మేడంకి ఫోన్ చేసి చీర సంగతి చెప్పాను. సార్‌కి చెప్పింది నేనేనని కూడా చెప్పి ఏడ్చాను.

"తెలుసమ్మా. అక్కడ ఉండేది మనిద్దరమే కదా" అన్నారు.

మరి ఒక్క మాటైనా అనలేదేమని అడిగాను.

"ఏమనను? ఏది అసలో నీకు నేను చెబితేగా. ఎవరికైనా చెప్పేస్తావని నిన్నూ అనుమానించాను." మళ్లీ ఆవిడే అడిగారు. "కుచ్చిళ్ల లోపల చూశావా? రంగేమైనా మిగిలిందా?"

పెట్టె తెరిచి కుచ్చిళ్లు విప్పి చూశాను. మడతల మధ్య రెండు వేళ్ల వెడల్పున పసుపు అలాగే ఉంది. ఉందని చెప్పాను.

"అయితే ముందు లైటు ఆర్పు. ఏడవడం తర్వాత."

ఎవరినీ అడగకుండా ఆర్పేశాను. చీర తీసి చీకటి సొరుగులో పెట్టాను. చిన్నసార్ కోప్పడ్డారు. కుచ్చిళ్ల లోపలి రంగునీ బయటి రంగునీ పక్కపక్కన చూపించాను. ఆయన రెండూ చూసి పైకి వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ గది నా చేతిలో ఉంది. ఎవరు కొత్తగా పనిలో చేరినా, మొదటి రోజే తాళాలిచ్చి, ఏది అసలో ఏది డూపో, అసలుది ఏ సొరుగులో ఉందో చూపిస్తాను. చూపిస్తున్నంతసేపూ లోపల పీకుతూనే ఉంటుంది, వీళ్లు ఎవరితోనైనా అంటారేమోనని. అయినా చూపిస్తాను.