ఏడో గచ్చు దగ్గర అన్న 'అవును'

సిడ్నీ శివారు పెండిల్ హిల్‌లో తన భార్య చేసే ఉద్యోగం ఏమిటో నలుగురికీ చెప్పడానికి ఈశ్వరప్రసాద్ ఏడాదిగా తంటాలు పడుతున్నాడు. ఎవరైనా అడిగితే "కౌన్సిల్ పార్కుల్లోనండీ" అని, ఊపిరి తీసుకోకుండా మాట ఇంకో దాని మీదికి మళ్ళించేస్తాడు. చాముండేశ్వరికి అలాంటి మొహమాటాలు లేవు. ఆరెంజి రంగు జాకెట్టు, బురద బూట్లు విప్పకుండానే స్టేషను దగ్గర శ్యామసుందరి నడిపే పచారీ కొట్లోకి వెళ్ళి కందిపప్పు అడుగుతుంది.

"అసలేం ఆటొదినా అది? పళ్లేలు విసురుతారంటగా?" అని శ్యామసుందరి ఓ రోజు పప్పు తూచడం ఆపి మరీ అడిగింది.

"పళ్లెం కాదే, పళ్లెమంత ప్లాస్టిక్ బిళ్ల. గచ్చు మీద నిలబడి విసరాలి. అల్లంత దూరాన గొలుసులు వేలాడే ఇనప బుట్ట ఉంటది. అందులో పడాలి. డిస్క్ గోల్ఫ్ అంటారు."

"చదువుకున్నోళ్ళేనా ఆడేది?"

"డాక్టర్లు కూడా వస్తారు. పడకపోతే బుట్టని తిడతారు."

"బుట్టేం చేసింది పాపం!"

"అదే నేనూ అడిగా. నవ్వి ఊరుకున్నారు."

చాముండేశ్వరిది దుగ్గిరాల. పుట్టింట్లో పసుపు పండించేవాళ్ళు. ఉడకబెట్టిన కొమ్ములు ఎండబెట్టే కళ్ళంలో చిన్న రాయి కనబడినా తండ్రి ఊరుకునేవాడు కాదు. అయిదో క్లాసుతో బడి మానిపించి ఆ కళ్ళం శుభ్రం చేసే పని ఆమెకే అప్పగించారు. పెళ్ళయ్యాక ఈశ్వరప్రసాద్ వెంట విజయవాడ వెళ్ళింది, తొంభై ఎనిమిదిలో సిడ్నీ వచ్చింది. ఇక్కడ ఒక బ్యాంకు కంప్యూటర్లలో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పని అతనిది. రెండువేల సంవత్సరం జనవరి ఒకటిన ప్రపంచం మునిగిపోతుందన్నారు, ఏమీ కాలేదు. ఏమీ కాలేదంటే వీళ్ళు పని సరిగ్గా చేసినట్టే కదా! ఏమీ కాలేదు కనక మీ అవసరం ఇంక లేదన్నారు. తర్వాత చేరిన ఇంటర్నెట్ కంపెనీ ఎనిమిది నెలలకే తలుపులు మూసింది. రెండువేల ఒకటి చలికాలం, అంటే అక్కడ జూన్, వచ్చేసరికి ఈశ్వరప్రసాద్ ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని అప్లికేషన్లు పంపడమే ఉద్యోగంగా పెట్టుకున్నాడు. ఇల్లు చాముండేశ్వరి చీపురు మీద నడుస్తోంది.

ఆ చీపురు వచ్చింది కూడా విచిత్రంగానే. ఇంటికి రెండు వీధుల అవతల వాగు ఒడ్డున పార్కు ఉంది. అందులో తొమ్మిది బుట్టలు, తొమ్మిది సిమెంటు గచ్చులు. పార్కుల పని కాంట్రాక్టుకి తీసుకున్న కంపెనీలో మేస్త్రీ లాంటివాడు గ్రెగ్. అతను గడ్డి కోస్తుంటే చాముండేశ్వరి రోజూ కంచె దగ్గర నిలబడి ఆ మిషను ఎందుకు పొగ కక్కుతోంది, ఆ ఆకులు ఎటు పోతాయి, ఆ గచ్చు మీది పాకుడు ఎందుకు గీకరు అని వచ్చీరాని ఇంగ్లీషులో పీడించింది. విసిగిపోయి "నువ్వే గీకు" అన్నాడు. మర్నాడు హారిస్ పార్క్ అనే పేటలో ఫిజీ వాళ్ళ కొట్టు నించి కొబ్బరి ఈనెల చీపురు కొనుక్కుని దిగింది. అతని తీగల బ్రష్షుకి రాని పాకుడు ఈనెలకి వచ్చింది. వారం తిరక్కుండా ఆరెంజి జాకెట్టు చేతికిచ్చాడు. పేరు పొడుగైందని చామీ చేశాడు.

జూన్‌లో కౌన్సిల్ నించి, అంటే అక్కడి మునిసిపాలిటీ నించి, కబురొచ్చింది. చుట్టుపక్కల ఇలాంటి పార్కులు మూడున్నాయి, వచ్చే ఏడాది నించి రెండే ఉంచుతాం, ఏది బాగా చూసుకుంటున్నారో పోల్చి చూసి మార్కులేస్తాం అని. మూడో పార్కు పోతే ఆ పార్కు మనుషుల పనీ పోయినట్టే.

ఆ మాట విన్న చాముండేశ్వరికి అన్నం సయించలేదు. ఆదివారం కూతురు ప్రియని కారు తియ్యమంది. ప్రియ యూనివర్సిటీలో మొదటి సంవత్సరం. తెలుగు అంతా అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం ఎక్కువగా ఇంగ్లీషే వస్తుంది.

"అమ్మా, దిస్ ఈజ్ స్పైయింగ్."

"చూసొస్తే ఏం పోద్దే? కళ్ళకి టిక్కెట్టా?"

గుట్ట మీది పార్కులో గడ్డి దువ్వినట్టుంది. దూరం నించి చూస్తే ముద్దొస్తుంది. చాముండేశ్వరి బుట్ట దగ్గరికి పోయి గొలుసు వేళ్ళతో నలిపింది, వేళ్ళు తుప్పుతో ఎర్రబడ్డాయి. నాలుగో బుట్ట స్తంభం పట్టుకుని ఊపితే పాలపన్నులా కదిలింది. క్రికెట్ మైదానం పక్క పార్కులో అంకెల బోర్డులు కొత్తవి, ఏ బుట్ట ఎంత దూరమో రంగుల్లో రాసుంది. కానీ బుట్టల కింద గడ్డి మోకాలెత్తు. బిళ్ల పడితే వెతుక్కోవడానికి కర్ర కావాలి. ఆడేవాళ్ళలో ఒకాయన ఆమె జాకెట్టు చూసి, "మీరు కొత్తగా వచ్చారా? దేవుడు పంపినట్టొచ్చారు," అన్నాడు. కాదు, ఊరికే చూడటానికి వచ్చానంటే మొహం వేలాడేశాడు.

తమ వాగు పార్కు చక్కగా ఉంది. గొలుసులకి తుప్పు లేదు, స్తంభాలు కదలవు. అయితే వాగు పక్కన ఉండటం దాని ఖర్మ. జామాయిల్ చెట్ల నీడ, వాగు తేమ కలిసి చలికాలమంతా గచ్చుల మీద పాకుడు పడుతూనే ఉంటుంది. ఏడో గచ్చు మరీ అన్యాయం. ఇవాళ గీకితే మూడో నాటికి పచ్చగా నవ్వుతుంది. గుట్ట మీద ఎండే ఊడ్చిపెడుతుంది, ఇక్కడ మనిషి ఊడవాలి. మార్కులేసేవాళ్ళకి ఈ తేడా ఎవరు చెబుతారని ఇంటికొచ్చేదాకా చాముండేశ్వరి ప్రియ బుర్ర తింటూనే ఉంది.

మార్కులేసేవాళ్ళు రాకముందే ప్రమాదం వచ్చింది. జూలై రెండో శుక్రవారం పొద్దున ఒక టీచరమ్మ ఏడో గచ్చు మీద అడుగేసి విసరబోయి జారి పడింది. మణికట్టు విరిగింది. చాముండేశ్వరి అప్పుడు మొదటి బుట్ట దగ్గర ఉంది. కేక విని పరుగెత్తి, తన తలగుడ్డ చింపి చెయ్యి కట్టి, అంబులెన్సు వచ్చేదాకా ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

మధ్యాహ్నానికి కౌన్సిల్ నించి జానెట్ అనే ఆఫీసరమ్మ వచ్చింది, పక్కన గ్రెగ్. అట్ట మీద కాగితం పెట్టుకుని వరసగా ప్రశ్నలేసింది. ఆఖర్న జానెట్ మెత్తగానే అడిగింది: "సో, యూ హ్యావెంట్ హ్యాడ్ ఎనీ కంప్లైంట్స్ అబౌట్ నంబర్ సెవెన్?"

ఏడో నంబరు మీద ఫిర్యాదులేం రాలేదుగా అని. దానికి దుగ్గిరాలలో పుట్టినవాళ్ళెవరైనా ఏమంటారు? అవును, రాలేదు అంటారు. అడిగినామె మాట నిజమని ఒప్పుకోవడం అది.

"యెస్," అంది చాముండేశ్వరి.

జానెట్ కలం ఆపింది. "యెస్?"

"యెస్, యెస్," అని ఇంకా గట్టిగా తలూపింది. కళ్ళజోడు ఇంట్లో ఉంది. చూపించిన చోట సంతకం పెట్టింది.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. ప్రియ వంటింట్లో నిలబడి చదివి, మొహం మాడ్చుకుంది. "అమ్మా, ఇట్ సేస్ యూ న్యూ. కంప్లైంట్స్ వచ్చాయని తెలుసు, బట్ యూ డిడ్ నథింగ్. నువ్వే యెస్ అన్నావంట!"

"రాలేదుగా అంది, అవునన్నా."

ప్రియ ఒక్క క్షణం అర్థంకానట్టు చూసి, తల పట్టుకుంది. "ఓ గాడ్. అమ్మా, యూ సెడ్ ద ఆపోజిట్! ఇంగ్లీష్‌లో యెస్ అంటే వచ్చాయని!"

ముందుగదిలోంచి ఈశ్వరప్రసాద్ వచ్చాడు. సంగతి విన్నాక ఇన్నాళ్ళకి అతని గొంతులో హుషారు వినబడింది. "ఇది తేలిగ్గా సరిచెయ్యొచ్చు. విచారణకి పిలిచారుగా. ప్రియ వచ్చి మన భాషలో అవునంటే అర్థమిదీ అని చెబుతుంది. నువ్వు ఒక్కమాట, నో అను. అయిపోద్ది."

చాముండేశ్వరి స్టవ్వు మీద పులుసు కలిపింది.

"ఏంది, నో అంటావుగా?"

"కెన్ అన్నాడండీ."

కెన్ అంటే డెబ్భై ఏళ్ళ ముసలాయన, పొద్దున్నే మొదట వచ్చి ఆడేది అతనే. ప్రమాదం జరిగిన వారం, మంగళవారం నాడు ఏడో గచ్చు దాటుతూ, "కాస్త జారుతోందమ్మా ఇవాళ," అన్నాడు. బుధవారం పొద్దున చాముండేశ్వరి పనిగట్టుకుని ముందు ఏడో గచ్చుకే పోయి, వేడినీళ్ళు పోసి ఈనెలతో అరగంట రుద్దింది. గురువారం రాత్రంతా వాన. శుక్రవారం వరసలో ఒకటో నంబరు నించి మొదలుపెట్టింది. ఏడో దాకా రాకముందే టీచరమ్మ పడింది.

"జారుతోందంటే అది కంప్లైంటా? మాట వరసకన్నాడు," అన్నాడు ఈశ్వరప్రసాద్.

"మరి నేను రుద్దింది ఆ మాట వినేగా."

"అది వాళ్ళకి చెప్పక్కర్లేదు. చాముండీ, నీకు దణ్ణం పెడతా. ఇప్పుడీ ఇంట్లో పని ఉన్నది నీకొక్కదానికే."

అతనలా అనడం అదే మొదటిసారి. చాముండేశ్వరి పులుసు దించి, మూత పెట్టింది. ఆమె చెయ్యని నేరం కాగితమ్మీద ఉంది, ఆమె విన్న మాట కాగితమ్మీద లేదు. ఆ వారమంతా ఊడుస్తూ ఊడుస్తూ మధ్యలో ఆగిపోయేది. ఎదురుపడ్డ కెన్ ఎప్పటిలా చెయ్యి ఊపితే ఏదో తప్పు చేసినదానిలా తల దించుకునేది.

విచారణ రోజు ఈశ్వరప్రసాద్ ఇద్దరినీ కారులో దించి, లోపలికి రాకుండా బయట బెంచీ మీద కూర్చున్నాడు. గదిలో జానెట్, గ్రెగ్ ఉన్నారు. ప్రియ ఎర్రబడ్డ మొహంతో, తెలుగులో ఎలా అడిగితే ఎలా ఒప్పుకుంటారో వివరంగా చెప్పింది. జానెట్ కూతురి వంక, తల్లి వంక చూసి నిజంగానే నొచ్చుకుంది.

"అయ్యో, నాకు తెలియదు. అయితే ఇది దిద్దేస్తాను. సూటిగా అడుగుతున్నా. ఏడో నంబరు గురించి ఎవరైనా, ఎప్పుడైనా, ఏమైనా చెప్పారా?"

గ్రెగ్ చామీ వంక చూసి కనబడీ కనబడకుండా తల అడ్డంగా ఊపాడు. ప్రియ బల్ల కింద తల్లి చెయ్యి పట్టుకుంది.

"వన్ మ్యాన్," అంది చాముండేశ్వరి. "కెన్. ట్యూస్‌డే. స్లిప్పరీ అని చెప్పాడు. వెన్స్‌డే ఐ వాష్. థర్స్‌డే నైట్ రెయిన్."

గ్రెగ్ కళ్ళు మూసుకున్నాడు. జానెట్ కలం తీసింది. "ఆ సంగతి గ్రెగ్‌కి చెప్పావా? పుస్తకంలో రాశావా?"

ఎవరేం చెప్పినా పుస్తకంలో ఎక్కించాలని చేరినప్పుడే చెప్పారు. చాముండేశ్వరి కూతురి వైపు తిరిగి తెలుగులో అంది: "కడిగేశాక ఇంక రాసేదేముందే? మురికి కనబడితే పుట్టింట్లో చీపురు తీసేవాళ్ళం గానీ కలం తీసేవాళ్ళమా?"

ప్రియ మాట వెతుక్కుని, "షీ క్లీన్డ్ ఇట్. సో షీ డిడ్ నాట్ రైట్ ఇట్ డౌన్," అంది.

జానెట్ రాసింది. ఈసారి సంతకానికి ముందు చాముండేశ్వరి కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి వాక్యం ప్రియ చేత తెలుగులో చెప్పించుకుంది. అన్నీ నిజాలే. ఫిర్యాదు అందింది. శుభ్రం చేశారు. తెలియజేయలేదు. సంతకం పెట్టింది.

బయటికొచ్చాక గ్రెగ్ టోపీ చేతిలో నలుపుతూ అన్నాడు: "ఒక్క నో అంటే అయిపోయేది చామీ. మూడు పార్కుల్లోనూ బాగా ఉన్నది మనదే. నువ్వు చెయ్యబట్టే." ఈశ్వరప్రసాద్ బెంచీ మీంచి లేచి ముగ్గురి మొహాలూ చూశాడు. కారు తాళాలు తీశాడు.

ఆగస్టు చివర తీర్పు వచ్చింది. చామీ నిర్లక్ష్యం చేసిందన్న మాట కొట్టేశారు. వాగు పార్కులో ప్రమాదం జరగడం, ముందే అందిన ఫిర్యాదు పైకి రాకపోవడం వల్ల మార్కులు పోయాయి. అక్కడ ఆట తీసేస్తున్నారు. ఆమెకి గుట్ట మీద వారానికి రెండు రోజుల పని ఇచ్చారు, రెండు బస్సులు మారి పోవాలి. ఉత్తరం చదివిన ప్రియ గట్టిగా తలుపేసుకుంది. ఈశ్వరప్రసాద్ మర్నాటి నించి ట్యాక్సీ లైసెన్సుకి ఎక్కడ కట్టాలో కనుక్కోవడం మొదలుపెట్టాడు. భార్యని ఒక్క మాట అనలేదు. ఏదైనా అంటే బాగుండునని చాముండేశ్వరికి అనిపించింది.

గుట్ట పనికి మొదటి రోజు బస్టాపుకి పోతూ వాగు పార్కు మీదుగా నడిచింది. బుట్టలు పీకేశారు. తొమ్మిది చోట్ల తొమ్మిది గుంటలు, పక్కన తవ్విన మట్టి. ఏడో గచ్చు దగ్గర కెన్ బిళ్లల సంచీ భుజానేసుకుని నిలబడున్నాడు. ఆమెని చూసి గబగబా వచ్చాడు.

"చామీ, వాళ్ళు నాకు చెప్పారు. నేను కంప్లైంట్ ఇవ్వలేదమ్మా! ఒట్టు. నేనూరికే అన్నా. ఇలా అవుతుందని తెలిస్తే నోరు మూసుకునేవాణ్ణి."

ముసలాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తను ఈ మనిషి పేరు చెప్పకుండా ఉంటే ఈపాటికి ఇక్కడే ఆడుతూ ఉండేవాడు. చాముండేశ్వరి సారీ చెబుదామనుకుంది, అదీ కాదనిపించింది. తెలిసిన ఇంగ్లీషంతా కూడగట్టుకుంది.

"బట్ కెన్, నువ్వు చెప్పింది రైటే కదా. జారింది."

కెన్ భుజాన ఉన్న సంచీ దించి కింద పెట్టాడు. వాగు మీంచి చల్లగాలి వీచింది. గచ్చు మీద అప్పుడే పల్చగా పచ్చదనం పాకుతోంది. బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఇద్దరూ ఏడో బుట్ట పీకిన గుంట వైపు చూస్తూ నిలబడ్డారు.