మామ వేయించిన గ్రూపు పాలసీ

ఆ రోజుల్లో మా నంద్యాలలో పాలసీ అంటే ఒకటే అర్థం: మనం పోయాక ఇంట్లోవాళ్ళకు డబ్బు తెచ్చేది. (ఏజెంటు కనబడితే అప్పుడే పోయినట్టు తలుపు చాటున ఊపిరి బిగబట్టేవాళ్ళం.) తొమ్మిదో తరగతీ నేనూ ఒకరికొకరం సరిపడక మర్యాదగా విడిపోయాక, కంప్యూటరు సెంటర్లో కొన్నాళ్ళు మౌసు పట్టుకొని, మా మామ విత్తనాల కంపెనీలో ఏకంగా 'సిస్టం సారు'నైపోయాను. ఏసీ గదిలో మూడు సర్వర్లు: ఒకటి మెయిలు తెచ్చేది, ఒకటి ఫైళ్ళు దాచేది, మూడోది బిల్లులు చూసేది. ఆళ్లగడ్డ బ్రాంచిలో బిల్లు కొట్టాలన్నా ఫోను తీగ మీదుగా వచ్చి ఈ మూడోదాని తలుపే తట్టాలి.

ఓసారి వైరస్ వచ్చి పోయింది. దాని వెనకే హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చి యాంటీవైరస్ ఎక్కించి, "మూడింటికీ మూడు పాలసీలు పెట్టు. మెయిలును వచ్చింది వచ్చినట్టే వెతకాలి, ఫైళ్ళను ఆఫీసు మూశాక వెతకాలి, బిల్లుల ఫోల్డరు జోలికి మాత్రం పోనీకు" అని చెప్పి బస్సెక్కాడు. ఆ మాట మామకు చేరవేశాను.

"మూడు పాలసీలా? ఏందిరా, డబ్బాలకు గూడా చావు భయమా?"

"ఆ పాలసీ కాదు మామా. వైరస్‌ను యాడ వెతకాల, ఎప్పుడు వెతకాల అని చెప్పే కట్టుబాటు."

"ఏదైతే ఏంలే. మన లారీ డ్రైవర్లందరికీ గ్రూపు పాలసీ ఒకటే తీసుకోలా? వీటికీ ఒకటే ఎయ్యి. ఒకదాన్ని వెతికి ఇంకోదాన్ని ఇడిసిపెడితే దాని మనసు నొచ్చుకోదా? పొద్దున నేను వచ్చినంకనే వెతకాల. పని జరిగేది నా కండ్లకు కనపడాల."

మామ జడ్జి కావలసినవాడు. దేశం అదృష్టం బాగుండి విత్తనాల వ్యాపారి అయ్యాడు. జీతమిచ్చే మామతో వాదించేంత చదువు నాకెక్కడిది? మూడింటికీ ఒకటే వేశాను. అదును కాని కాలం కాబట్టి బిల్లులూ లేవు, బాధా లేదు.

తొలకరి పడింది. మర్నాడు పొద్దున్నే ఆళ్లగడ్డ బ్రాంచి ముందు రైతులు బారులు తీరారు. బిల్లు లేనిదే గోడౌను నుంచి సంచి కదలదు (అది మామ పెట్టిన ఇంకో కట్టుబాటు). మామ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. యాంటీవైరస్ కూడా కూర్చుంది, బిల్లుల మీద. పాత బిల్లులన్నీ ఒక్కొక్కటే విప్పి వాసన చూడసాగింది. అది ముగిసేదాకా కొత్త బిల్లు పుట్టదు. కాసేపటికే ఆళ్లగడ్డ బ్రాంచిలో బిల్లులు కొట్టే అక్క ఫోను.

"ఏందప్పా, ఆడ మీ డబ్బా పండుకుందా?"

"లేదక్కా, వైరస్‌ను వెతుకుతాంది."

"ఈడ రైతులు నిన్ను వెతుకుతాండారు! తడి ఆరిపోతే విత్తనం నీ కంప్యూటర్లో నాటుకోవాల్నా?"

వెనక ఎవరో పెద్దాయన, "ఆ సారును ఫోన్లోంచి బయటికి లాగమ్మా" అంటున్నాడు.

ఆ పూట విత్తనం దొరక్కపోతే రైతులు పక్క అంగడికి పోతారు, మళ్ళీ మా గడప తొక్కరు. మామకు చెమటలు. నేను ఆపేస్తానంటే, "మధ్యలో ఆపితే ఇంతవరకు కట్టిందంతా పోదా?" అని చెయ్యి పట్టుకున్నాడు. చివరికి, "పాలసీ ఉండాది కదరా, క్లెయిము ఎయ్యి!"

అప్పుడే అత్త క్యారియరు తెచ్చింది. మామకు కొర్రన్నం, నాకు వరన్నం, పైగిన్నెలో ఓళిగలు (బొబ్బట్లంటే మీకు తెలుస్తుంది). ఆ కంగారులోనూ మామ చెయ్యి సూటిగా ఓళిగ మీదికే పోయింది. అత్త ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"నీకు షుగరు. అవి పిల్లోనికి."

"తప్పత్తా," అన్నాను. "ఈడ గ్రూపు పాలసీ నడుస్తాంది. మామకూ పెట్టు, మనసు నొచ్చుకోదా?"

"మీ మామను చంపుతావా ఏంది? ఎవరి ఒంటికి పడేది వాళ్ళకు పెట్టాల."

మామ కొర్రన్నం వైపు చూశాడు, ఏసీ గది వైపు చూశాడు, ఓళిగ వైపు కడసారిగా చూశాడు.

"ఆపురా. దేని కూడు దానికి పెట్టు."

వెతుకులాట ఆపి, బిల్లుల ఫోల్డరు జోలికి పోకుండా మూడోదానికి వేరే పాలసీ పెట్టాను. కాసేపటికి ఫోన్లో సంచులు దబదబా పడుతున్న చప్పుడు, అక్క అరుపు: "కదిలిందప్పా!" మామ నింపాదిగా కొర్రన్నం కలుపుకుంటూ, "ఆ మూడోదానికి షుగరుందని ముందే చెప్పి ఏడవొచ్చు కదరా" అన్నాడు.

ఇప్పుడు మామ లేడు. ఆయన షుగరు మాత్రం నాకు వచ్చింది. మా ఇంట్లో ఓళిగలు చేసిన రోజు నా ఒక్కడికే వేరే పాలసీ. ఆ గిన్నె నేను జోలికి పోకూడని ఫోల్డరు. అందరికీ ఒకటే ఎయ్యమని గట్టిగా అడిగే మామ పక్కనుంటే ఎంత బాగుండేదో అనుకుంటూ, కొర్రన్నం కలుపుకుంటాను.