గేటు చూసి కొన్న ఇల్లు

ఆ రోజుల్లో నాకు కల కనడానికి ఇల్లంతా చూడక్కర్లేదు, గేటు కనిపిస్తే చాలు. గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో కొత్తగా లెక్కలు చెప్తున్నాను (ఆ చెప్పేవాడి సొంత లెక్క ఎలా ఉండేదో మీరే చూద్దురుగాని). మా ఆవిడకి అయిదో నెల. మేం అద్దెకుంటున్న ఇంటివాళ్లు, కూతురి పెళ్లి పెట్టుకున్నాం, ఇంట్లో పురుడు కుదరదు, తొమ్మిదో నెల వచ్చేలోగా ఖాళీ చేయండి అన్నారు. సరిగ్గా అప్పుడే పేపర్లో బ్యాంకువాళ్ల వేలం ప్రకటన చూశాను. నల్లపాడులో డాబా ఇల్లు, చవగ్గా. సాయంత్రం ఎండలో వెళ్లి గేటు బయట నిలబడ్డాను. ఆకుపచ్చ గేటు, తెల్లటి గోడ, డాబా మీద పరిచిన ఎర్రటి మిరపకాయలు. ఆహా, ఎంత అందంగా ఉన్నాయో అనుకున్నాను. ఉయ్యాల ఏ గదిలో కట్టాలో కూడా అక్కడే నిర్ణయించేశాను. ఉన్నదంతా ఊడ్చి, మిగతాది లోను పెట్టి, వేలంలో పాడేశాను.

కాగితాలు చేతికొచ్చాక తాళంచెవి అడిగితే బ్యాంకు ఆఫీసరు నావంక జాలిగా చూశాడు. లోపల పాత యజమాని కాపురం ఉన్నాడనీ, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామని ప్రకటనలో వేశామనీ, ఖాళీ చేయించుకోవడం నా పనేననీ నిదానంగా చెప్పాడు. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ ఒకటే అడిగింది.

“మిరపకాయలు వాటంతటవే డాబా ఎక్కుతాయాండీ?”

ఆ ఆదివారం ఖాళీ చేయమని గట్టిగా చెప్పడానికి బయల్దేరాను. పాత యజమాని మిర్చి యార్డులో వ్యాపారం చేసి దెబ్బతిన్న పెద్దాయన. రండి మాస్టారూ అని వరండాలో కుర్చీ వేశాడు, ఆయన భార్య కాఫీ తెచ్చింది. కాఫీ ఇచ్చినవాళ్లని ఇల్లు ఖాళీ చేయమని ఎలా అడుగుతాం చెప్పండి? గొంతు సవరించుకుని, ఈ ఏడు కాయ ఎలా ఉందండీ అని అడిగి, పండుమిరప పచ్చడి సీసాతో ఇంటికొచ్చాను. అలా పది ఆదివారాలు గడిచాయి. పచ్చడి సీసాలు పెరుగుతున్నాయి, మా ఆవిడకి నెలలూ నిండుతున్నాయి. నేను మాత్రం ఆ వరండాలో కూర్చుని, కిటికీలోంచి కనిపించినంత మేర నా పడకగదిని తనివితీరా చూసుకుని వచ్చేవాణ్ణి.

పదకొండో ఆదివారం మా ఆవిడ తనూ వస్తానంది. ఆ పెద్దావిడ ఎదురొచ్చి, చెయ్యి పట్టి కూర్చోబెట్టి, పురుడు ఎక్కడ పోసుకుంటావమ్మా అని అడిగింది.

“ఈ ఇంట్లోనే పిన్నిగారూ. మాకింకో ఇల్లు లేదు,” అంది మా ఆవిడ.

నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. పెద్దాయన చాలాసేపు డాబా మెట్ల వైపే చూశాడు.

“వారం రోజులు టైమివ్వమ్మా,” అన్నాడు చివరికి.

అన్నట్టే స్టేషన్ దగ్గర రెండు గదుల వాటాలోకి మారిపోయారు. పాప పుట్టింది, నేను గేటు దగ్గర అనుకున్న గదిలోనే ఉయ్యాల కట్టాం. తర్వాత ప్రతి ఆదివారం ఆయన వచ్చి, అదే వరండాలో కూర్చుని, గొంతు సవరించుకుని, మార్కెట్ సంగతులేవో చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోయేవాడు. ఏదో అడగాలని వచ్చి అడగలేక వెళ్తున్నాడని నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? ఒకరోజు ఉండబట్టలేక, మీ కొత్త వాటాకి డాబా ఉందా అండీ అన్నాను. తల అడ్డంగా ఊపాడు. మా డాబా ఖాళీగానే ఉంది, కాయలు తెచ్చుకోండి అన్నాను. (మా డాబా అన్నందుకు ఆ రోజంతా సిగ్గుపడ్డాను.)

ఇప్పటికీ వేసవిలో కాలేజీ నుంచి వచ్చి గేటు దగ్గర ఓ నిమిషం ఆగుతాను. పైన ఎర్రగా పరిచి ఉంటాయి. ఎంత అందంగా ఉన్నాయో అని అప్పట్లాగే అనుకుని, ఆరబోసినాయన లోపలే కాఫీకి కూర్చుని ఉంటాడు కదా అని గబగబా వరండా మెట్లెక్కుతాను.